బుడంకాయకి ఆపరేషన్

"బుడంకాయ వాళ్ళ నాన్న ఎవరండీ?" అని కేకేసింది చీటీలు రాసే అమ్మాయి.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఒళ్ళో ఉన్న అట్టపెట్టె జారబోతే రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు.

ఆ పశువుల ఆసుపత్రిలో మనుషుల పేర్లతో పనిలేదు. కుక్క వాళ్ళ మావయ్య, చిలక వాళ్ళ అక్క. అంతే. ఆయన పక్కన కూర్చున్నావిడ పిల్లి వాళ్ళ అమ్మమ్మ. అరగంట నుంచి ఆవిడ కళ్ళన్నీ పెట్టె మీదే ఉన్నాయి.

"ఎలుకా బాబూ?"

"కాదండీ. గినీపిగ్గు."

"పిగ్గంటే పందేగా? మరి కుందేలుకి చెవులు కత్తిరించినట్టుందేమిటి?"

ఆయన పెట్టె ఎత్తుకుని లోపలికి నడిచాడు.

బుడంకాయ అని పేరు పెట్టింది మూడో తరగతి చదివే ఆయన కూతురు. ఇవాళ పరీక్ష లేకపోతే తనే వచ్చేది. బడికి వెళ్తూ తండ్రి చేత ఒట్టు వేయించుకుంది.

"దాన్ని ఒక్క క్షణం కూడా వదలకూడదు. నువ్వు భయపడకూడదు. నువ్వు భయపడితే దానికి తెలిసిపోతుంది నాన్నా."

"నేనెందుకు భయపడతానే?"

వాళ్ళమ్మ పక్కకి తిరిగి నవ్వుకుంది. "సెలవు నేను పెడతాలెండి, మీరు పనికి వెళ్ళండి" అంది. ఆయన పౌరుషానికి పోయాడు.

డాక్టరమ్మకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. బుడంకాయ గడ్డం పైకెత్తి, దవడ కింద వేలితో నొక్కి చూసింది. ఉసిరికాయంత గడ్డ.

"తినడం ఎప్పుడు మానేసింది?"

"నిన్న పొద్దుటి నుంచండీ. కొత్తిమీర ముందు పెట్టినా ముట్టలేదు. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, ఇల్లెగిరిపోయేలా అరిచేది. ఇప్పుడు కిక్కురుమనడం లేదు."

"చీముగడ్డ. కోసి కడిగెయ్యాలి. తిండి ఆగితే వీటికి పేగులు కూడా ఆగిపోతాయి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడే చేసేద్దాం."

"కొయ్యడమంటే... కత్తితోనా?"

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మరి దేంతో కోస్తారండీ?"

"ఇలాంటివి ఇదివరకు ఎన్ని చేశారు డాక్టరుగారూ?"

"చాలానే."

"అన్నీ బాగానే..."

"అన్నీ అని ఏ డాక్టరూ చెప్పకూడదండీ. పది నిమిషాల పని. ఇక్కడో సంతకం పెట్టి బయట కూర్చోండి."

ఆయన కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. 'మత్తు వల్ల గానీ, శస్త్రచికిత్స వల్ల గానీ ప్రాణాపాయం సంభవిస్తే' అన్నచోట చూపు ఆగిపోయింది.

"ఇదేంటండీ, ఇలా రాశారు?"

"అందరి చేతా పెట్టించుకునేదేనండీ."

"అందరి చేతా పెట్టిస్తారు సరే. చదివినవాళ్ళు తట్టుకోవద్దూ?"

సంతకం కోడి గీకినట్టు వచ్చింది.

"నేనిక్కడే ఉంటానండీ. మా అమ్మాయికి మాటిచ్చాను."

"ఉండండి. కానీ మీరు పడితే పట్టుకోవడానికి మా దగ్గర మనుషుల్లేరు."

గుప్పెడంత మొహానికి మత్తు గొట్టం పెట్టారు. బుడంకాయ కాసేపు ముక్కు ఎగరేసి, నెమ్మదిగా నాలుగు కాళ్ళూ చాపేసింది. ఆయన దాని వెనక కాలు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. పెసరగింజల్లాంటి గోళ్ళు. ఆదివారం పొద్దున పేపరు చదువుతుంటే చొక్కా జేబులోకి దూరి పడుకునేదీ ప్రాణి, చిన్నప్పుడు. ఇప్పుడు జేబు పట్టక మోచేతి వంపులో పడుకుంటోంది. సాయంత్రం బడి బస్సు దిగగానే కూతురు అడిగే మొదటి మాట ఏమిటో ఆయనకి తెలుసు. దానికి ఏ జవాబు చెప్పాల్సి వస్తుందో తెలియదు.

డాక్టరమ్మ దవడ కింద బొచ్చు గొరిగి, కత్తి ఆనించింది. చీముతో పాటు కందిగింజంత నెత్తురు బొట్టు.

ఆయన చెవుల్లో గుయ్‌మంది. గోడలు ఒక పక్కకి ఒరిగాయి. "నేను భయపడ్డం లే..." అంటూనే మొదలు నరికిన చెట్టులా కూలబడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి బయట బల్ల మీద ఉన్నాడు. మొహమంతా నీళ్ళు. పిల్లి వాళ్ళ అమ్మమ్మ చీటీల పుస్తకంతో విసురుతోంది.

"లేచావా నాయనా? నీ పంది నీకంటే ముందే లేచింది."

ఆయన చటుక్కున పెట్టెలోకి తొంగి చూశాడు. బుడంకాయ కొత్తిమీర కాడని ఒక కొస నుంచి చకచకా లాగేసుకుంటోంది, తనకేమీ సంబంధం లేనట్టు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొహం తడిగానే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

డాక్టరమ్మ మందుల చీటీతో వచ్చింది.

"రోజుకి రెండుసార్లు పుండు కడిగి మందు రాయాలి. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"మా ఆవిడ ఉందండీ."

"ఆవిడ చేత చేయించండి. మీరు మాత్రం దాని దగ్గరికి పోకండి. మీవల్ల అయ్యే పని కాదిది."

ఆయన బుద్ధిగా తలూపాడు.

డాక్టరమ్మ లోపలికి వెళ్ళాక అమ్మమ్మగారు జాలిగా దగ్గరికి జరిగింది. "ఇంత సున్నితమైతే ఎలా నాయనా? ఇంతకీ ఏం చేస్తుంటావు నువ్వు?"

ఆయన అటూ ఇటూ చూసి, పెట్టె మూత సర్దుతూ, గొంతు బాగా తగ్గించి చెప్పాడు: "పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్లు చేస్తుంటానండీ."