ముందు దాటినవి

“తుపాకీ దించు ఏబెల్! ముందు నడిచేవాటి మీద ఎవడైనా కాలుస్తాడా?” అత్త మార్తా గసిరింది.

నదిలో తొమ్మిది కారిబూ దుప్పులు ఈదుకుంటూ ఇవతలి ఒడ్డుకు వస్తున్నాయి. వాటిలో ఒక ఆడదాని మెడకు, మంద జాడ తెలియడానికి సర్కారువాళ్లు కట్టిన రేడియో పట్టీ ఉంది. శీతాకాలం ముంచుకొస్తోంది. ఏబెల్ ఇంట్లో ఎండు మాంసం ముక్క కూడా లేదు. కొట్లో కొన్న డబ్బా తిండి చూస్తేనే పిల్లలు మొహం తిప్పుకుంటున్నారు.

“ఒక్కటంటే ఒక్కటి అత్తా! దానికే కొంప మునుగుతుందా?”

“మునుగుతుంది. ఇవి వేసిన దారిలోనే వెనకాల వేలకు వేలు నడిచొస్తాయి. ఇక్కడ నెత్తురు పడిందో, మందంతా దారి మార్చుకుంటుంది. మా తాతలు కడుపు మాడ్చుకుని మరీ మొదటి గుంపుని వదిలేశారు. నీ ఒక్కడికేనా ఆకలి?”

ఏబెల్ ఆగలేకపోయాడు. కాల్చేశాడు. గురి తప్పి తూటా రాళ్లకు తగిలింది. దుప్పులు బెదిరి గట్టెక్కి, కొండ మలుపు తిరిగి మాయమయ్యాయి.

ఆ తర్వాత ఒక్కటీ రాలేదు. మర్నాడూ రాలేదు, ఆ పై వారమూ రాలేదు. నది అంచులు గడ్డకట్టడం మొదలైంది. వేటకు గుడారాలు వేసుకున్న వాళ్లంతా ఏబెల్‌తో మాటలు మానేశారు. మార్తా అందరికీ టీ పోస్తూ అతని కప్పు ఒక్కటే వదిలేసింది.

“ఊరందరి నోటికాడ కూడు తన్నేశావు కదరా!” అన్నాడు పక్క గుడారం ముసలాయన. ఏబెల్‌కు చచ్చిపోవాలనిపించింది.

ఆఖరికి నోరా పడవలో వచ్చింది. మార్తా చిన్న కూతురు. పట్టీల జాడ పట్టుకుని మందల వెంట తిరగడమే ఆమె ఉద్యోగం. పడవ దిగుతూనే అడిగింది.

“బావా, పట్టీ ఉన్న ఆడది ఇటే దాటిందట కదా? దెబ్బేం తగల్లేదుగా?”

“లేదు. గురి తప్పింది.”

నోరా గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“దాని సంగతి తర్వాత!” మార్తా గుడారంలోంచి అరిచింది. “ఈ మహానుభావుడి తుపాకీ మోతకి మందంతా ఏ దిక్కుకి పోయిందో అది చెప్పు ముందు!”

“నీ కాళ్లు పట్టుకుంటా నోరా,” అన్నాడు ఏబెల్. “తప్పు నాదే. అందరి ముందూ ఒప్పుకుంటా. ఎటు తిరిగాయో చెప్పు చాలు. ఎంత దూరమైనా పోయి కొట్టుకొస్తా.”

తప్పు తనదే అయితే వచ్చే ఏడు దిద్దుకోవచ్చు. అతనికి మిగిలిన ఆశ అదొక్కటే.

“వేసవంతా విమానంలో కొండలన్నీ గాలించాం బావా,” అంది నోరా. “మంద ఎటూ తిరగలేదు. నువ్వు గురి తప్పావు చూడూ... ఆ తొమ్మిదే మంద.”