అక్క అడిగిన ఒక్క మాట

గ్రీసు దేశంలో నా బస్సు టైరు తొక్కని పాత ఊరు లేదు. నలభై ఏళ్ళు టూరిస్టు బస్సు నడిపాను. డెల్ఫీ, ఒలింపియా, కొరింథు, మైసీని... ఎక్కడ ఏ రాయి ఉందో కళ్ళకు గంతలు కట్టినా చెబుతాను.

చదివింది ఆరో తరగతి. అయినా గైడు రాని రోజున మైకు నాదే. మైసీని కోట గుమ్మం మీది సింహాలకు తలలు లేవు. గొడుగు తగిలించుకోవడానికి మా తాత పట్టుకెళ్ళాడని చెప్పేవాణ్ణి. జర్మనులు బుద్ధిగా పుస్తకంలో రాసుకునేవారు.

ఏథెన్స్‌లో మాత్రం అబద్ధం అక్కర్లేదు. పార్లమెంటు ముందు, అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర బస్సు ఆపి, "అదుగో, ఆ కుడివైపు కాపలావాడి చోట ఒకప్పుడు నేను నిలబడ్డాను" అంటే చాలు. నాతో ఫొటోలకు ఎగబడేవారు.

అది నిజమే. ఇరవై రెండో ఏట సైన్యంలోకి పిలుపొచ్చింది. నా ఎత్తు చూసి అక్కడ వేశారు. కాపలావాళ్ళది పాతకాలపు వేషం. నాలుగు వందల కుచ్చుల పావడా, మేకులు కొట్టిన బూట్లు, భుజాన తుపాకీ. గంటసేపు కదలకూడదు, మాట్లాడకూడదు. ముక్కులో ఈగ దూరినా అంతే. పావుగంటకు కాళ్ళు మొద్దుబారేవి. అరగంటకు నేనూ.

మా చెమట తుడవడానికి పక్కన ఒక సిపాయి ఉండేవాడు. పేరు బాబిస్. వాడు ఏదైనా అడిగితే మేం రెప్పలతో జవాబు చెప్పాలి. ఒకటైతే అవును, రెండైతే కాదు.

జులైలో ఒక ఆదివారం మా అక్క స్తమాతియా వచ్చింది. మా ఊరు నాఫ్లియో నుంచి, చర్చి ఫాదర్ వేసిన యాత్ర బస్సులో. అక్రోపోలిస్ చూసి వస్తున్నారు. ఇక్కడ పావుగంటే ఆగుతారు. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. పాలకూర రొట్టె వాసన.

"ఏరా పాండెలీ! పావడా కుదిరిందిరా. పెళ్ళికూతురిలా ఉన్నావ్" అంది.

నేను కదల్లేదు.

"వాడు మాట్లాడకూడదక్కా. ఇంకో నలభై నిమిషాలు ఆగు, డ్యూటీ దిగుతాడు" అన్నాడు బాబిస్.

"మా ఫాదర్ దేవుడొచ్చినా బస్సాపడు నాయనా. ఒక్క మాట అడిగి పోతాను."

బాబిస్ ఆమెకు రెప్పల సంగతి చెప్పి, పక్కకు తప్పుకున్నాడు.

అంతకు నాలుగు నెలల ముందు సముద్రంలో మా పడవ బోల్తా పడింది. అందులో ఉన్నది నేనూ, పంతొమ్మిదేళ్ళ మా తమ్ముడు ఫోతిసూ. ఒక చేత్తో పడవను పట్టుకున్నాను. రెండో చేత్తో వాడి చెయ్యి. ఒడ్డుకు నేనొక్కణ్ణే వచ్చాను. ఎవరేమడిగినా నోరు విప్పలేదు. మూడు వారాలకు సైన్యంలోకి వచ్చేశాను. ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు చింపి చూడలేదు.

అక్క దగ్గరికి జరిగింది.

"నాన్నకు నిద్ర లేదురా. రేవులో కూర్చుని వచ్చేపోయే వాళ్ళందర్నీ ఒకటే అడుగుతున్నాడు, జారిందా, వదిలాడా అని. జారితే సముద్రంతో తేల్చుకుంటా అంటున్నాడు. వదిలేసి ఉంటే మాత్రం నాకు ఇద్దరు కొడుకులూ ఆ రోజే పోయారంటున్నాడు."

నేను ఎదురుగా ఉన్న దీపస్తంభాన్నే చూస్తున్నాను.

"నీకు నోరు పెగలదని తెలుసు. ఇక్కడ నోటితో పనే లేదటగా! వాడి చెయ్యి జారితే ఒక్కసారి రెప్ప కొట్టు. నువ్వు వదిలేస్తే రెండుసార్లు. మరియతల్లి మీద ఒట్టు, అబద్ధం ఆడావో ఊరుకోను."

జపాను ఆవిడ ఎవరో మా మధ్యకు వచ్చి నిలబడి ఫొటో తీయించుకుంది. ఆమె వెళ్ళేదాకా అక్క ఆగింది.

రెప్ప కొట్టాను. ఒక్కసారి.

అక్క నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత శిలువ గుర్తు వేసుకుంది. బస్సు హారన్ మోగింది. తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. రొట్టె పళ్ళెం కూడా పట్టుకుపోయింది. సంతోషంలో మనుషులకు అలాంటివి గుర్తుండవు.

"ఒక్క ముక్కైనా పెట్టి పోలేదేంట్రా మీ అక్క!" అని బాబిస్ వాపోయాడు. నా ముఖం తుడవబోయి ఆగాడు. "ఇంత ఎండలో నీకు చెమటే లేదేంట్రా?"

ఆ తర్వాత ఇంటి నుంచి ఉత్తరాలు రాలేదు. తెలియాల్సింది తెలిశాక ఉత్తరాలెందుకు? ఆ చలికాలంలో నాన్న పోయాడని నాఫ్లియో నుంచి నారింజలు తెచ్చే లారీవాడు చెప్పాడు. అప్పటికే నలభయ్యో రోజు ప్రార్థనలు కూడా అయిపోయాయట. నాకు సెలవు దొరకదని కబురు చేసి ఉండరు.

అన్నట్టు, పాత ఊళ్ళన్నీ తొక్కానని మొదట్లో కోతలు కోశాను కదా. అందులో ఒకటి తగ్గించుకోండి. నాఫ్లియో టూరు వచ్చినప్పుడల్లా ఇంకో డ్రైవరుకు ఇచ్చేసేవాణ్ణి. కోటకు తొమ్మిది వందల తొంభై తొమ్మిది మెట్లు. మోకాళ్ళు ఒప్పుకోవు. "డ్రైవరువి, నువ్వెందుకయ్యా మెట్లెక్కడం?" అనేవాడు మా ఓనరు. నా మోకాళ్ళ సంగతి ఆయనకేం తెలుసు?

అబద్ధాలకోరునని మా పేటలో నాకు పేరు. ఈ కథలో మాత్రం బాబిస్ నిజం, జపాను ఆవిడ నిజం, పాలకూర రొట్టె నిజం. నేను కల్పించింది ఒక్కటే, ఆ రెప్ప లెక్క. ఆ రోజు కొట్టింది ఒక్కసారి కాదు, రెండుసార్లు.