ప్రభాకరరావు గోడ

"అపార్ట్‌మెంటువాళ్ళు అడుగుతారు, ఏమీ అనుకోకండి. ఇంతకీ మీరేవిట్లు?" అన్నాడు ఇంటాయన ప్రభాకరరావు, కాఫీ కప్పులు ముందుకు జరుపుతూ.

ఫిన్నీ కప్పు అందుకుని పెళ్ళాం దీవెనవైపు చూశాడు. పొద్దుట్నించీ గవర్నర్‌పేటంతా తిరిగి, పేరు చెప్పగానే మూసుకున్న తలుపులు చూసి చూసి, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఈ మెట్లెక్కేముందు తమకి తామే నామకరణం చేసుకున్నారు. అతను ఫణి, దీవెనేమో దివ్య. ఆమె నుదుట స్టిక్కర్ బొట్టు కూడా వెలిసింది. దీవెనకి నెలలు నిండాయి, పుట్టింట్లో చూసేవాళ్ళు లేరు. ఉన్న ఇల్లు ఆదివారానికల్లా ఖాళీ చెయ్యాలి. ప్రభాకరరావుదే ఎదుటి ఫ్లాటు, అది దొరక్కపోతే పురిటి మంచం ఎక్కడ వెయ్యాలో తెలీదు.

అబద్ధం నాలిక చివరే ఉంది. అప్పుడు ఫిన్నీ కళ్ళు గోడమీద పడ్డాయి. గోడంతా నలుపు తెలుపు ఫోటోలు, ఖరీదైన ఫ్రేముల్లో. అమెరికాలో నల్లవాళ్ళు అట్టలు పట్టుకుని బారులుతీరి నడుస్తున్నారు. పోలీసులు వాళ్ళ మీదికి కుక్కల్ని వదులుతున్నారు. కాఫీ పొయ్యం పొమ్మన్న హోటల్లోంచి కుర్రాళ్ళు లేవకుండా కూర్చున్నారు. ఇంట్లోవాళ్ళ ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. ఇలాంటి మనిషి దగ్గర కూడా బొంకడమా అని ఫిన్నీకి సిగ్గేసింది.

"నా పేరు ఫణి కాదండీ, ఫిన్నీ. మేం ఎస్సీలం. చర్చికెళ్తాం."

దీవెన కాలు తొక్కింది గానీ అప్పటికే మాట జారిపోయింది.

ప్రభాకరరావు మొహంలో నెత్తుటి చుక్క లేదు. లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు. ఇల్లు ఇవ్వడం కుదరదనీ, ఇంకెక్కడైనా చూసుకోమనీ గోడవైపు తిరిగి చెప్పాడు.

దీవెన బొట్టు పీకి సాసరుకి అంటించి, నడుం పట్టుకుని లేచింది. అది చూసి ఫిన్నీకి ఒళ్ళు మండిపోయింది.

"మరి ఈ ఫోటోలు దేనికండీ, గోడకి అందానికా? తీసెయ్యండి."

ఆయన భుజమ్మీది తువ్వాలు కొసతో ఒక ఫ్రేము అద్దం తుడిచాడు.

"తీసేస్తే ఈ ఇంట్లో నావాళ్ళంటూ ఎవరూ ఉండరు బాబూ," అన్నాడు, పై వాటాకి వినపడకుండా. "మీ చర్చినించి వచ్చేవాళ్ళలో నన్నెరిగినవాడు ఒక్కడుంటే చాలు, నా గుట్టు రట్టవడానికి. మా నాన్న పేరు ఇశ్రాయేలు."