సన్నతీగ మోటార్

"ఆ మోటార్ కింద పెట్టవ్వా. అది పడితే నా బతుకు పడ్డట్టే."

రత్నాకర్ మాట కరుకుగానే వచ్చింది.

ముసలామె మోటార్‌ను మెల్లగా బల్ల మీద పెట్టింది. ఆ వీధిలోనే ఉన్న చెల్లెలి కత్తిపీట చెక్క ఊడిపోతే, బిగించుకుపోదామని వచ్చి కూర్చుంది.

మొయినాబాద్ రోడ్డు మీద రత్నాకర్‌ది కట్టెపని దుకాణం. తలుపుల మీద తీగలు, పూలు చెక్కడంలో అతనికి పేరుంది. నిరుడు రంపం తగిలి కుడి మణికట్టు నరం తెగింది. అప్పటినుంచి ఉలి పట్టు నిలవడం లేదు.

అందుకే సొంతంగా సీఎన్‌సీ మిషన్ తయారు చేసుకుంటున్నాడు. కంప్యూటర్‌లో బొమ్మ గీసి పెడితే చెక్క మీద అదే చెక్కుతుంది. ఇనుప చట్రం అయింది. కంట్రోలు బోర్డు, మోటార్లకు కరెంటు పంపే డ్రైవర్ బోర్డులు, ఇరవై నాలుగు వోల్టుల పవర్ సప్లై బిగించాడు. ఇక చెక్కే ములికిని అటూ ఇటూ నడిపే మోటార్లే మిగిలాయి.

శనివారం నాలుగింటికి జన్వాడ ఫామ్‌హౌస్ మేనేజర్‌కు ఒక తలుపు చెక్క చెక్కి చూపించాలి. నచ్చితే ఇరవై తలుపుల పని.

నచ్చకపోతే?

"మా గేటు కాడ వాచ్‌మన్ పని ఖాళీగున్నది" అన్నాడు మొన్న మేనేజర్ నవ్వుతూ. రత్నాకర్‌కు నవ్వు రాలేదు.

ఇవాళ మంగళవారం. పట్నం దుకాణంవాడు చూసుకోమని పెద్దదొకటి, చిన్నదొకటి మోటార్లు ఇచ్చాడు. ఏ రకం కావాలో పన్నెండులోపు ఫోన్ చేస్తే ఆ రకం మోటార్లు మూడింటిని బస్సులో వేస్తాడు. తర్వాత మార్చడు.

పదకొండున్నర అయింది.

ముసలామె ఊరుకోలేదు. పెద్ద మోటార్ తీగల్లో రెండింటి కొసలు కలిపి, ఇరుసును వేళ్లతో తిప్పింది.

"ఈ రెండు ఒక జోడు బిడ్డా. కలిపితే తిరగకుంట గట్టిగ పట్టుకుంటున్నది."

రత్నాకర్ మోటార్‌తో వచ్చిన కాగితం చూశాడు. నిజమే. ఏదో కుదిరిందిలే అనుకున్నాడు.

"దీని మీద ఎన్ని ఆంపియర్లని రాసిన్రు?"

"రెండు."

"గా చిన్నదాని మీద?"

"మూడు. నీకెందుకవ్వా?"

"అట్లయితే పెద్దదాంట్ల సన్నతీగ. చుట్లు మస్తుగ ఉంటయి. నీ కరెంటు డబ్బాల ఇరవై నాలుగు వోల్టులే అని ఇందాక నువ్వే అంటివి. కరెంటు నిండక ముందే నువ్వు మళ్ల తిరుగుమంటవు. మెల్లగ తిప్పితే తిరుగుతది. జోరు పెంచితే అలుగుతది. చిన్నదే తీస్కో."

"సదువొచ్చా నీకు?"

"అక్షరాలు రావు. తీగ తెలుస్తది. బోరు మోటార్లకు తీగ చుట్టే ఇల్లు మాది."

"మీ ఆయన పేరేంది?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పేరెట్ల తీస్తరు బిడ్డా. చేవెళ్లల ఎవరినడిగినా చెప్తరు."

"బోరు మోటార్ వేరు, కంప్యూటర్ మోటార్ వేరు. మొగుని మాటలు నాకు అప్పజెప్పకు. కత్తిపీట అయింది, తీస్కపో."

ఆమె లేచింది. కత్తిపీట చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

రత్నాకర్ ఫోన్ తీశాడు.

"పెద్దవే పంపు."

పెద్దదైతే బలం ఎక్కువ. అందులో అనుమానమేముంది?

గురువారం మోటార్లు వచ్చాయి. మెల్లగా నడిపితే చెక్క మీద పూలతీగ అందంగా వంపు తిరిగింది. కానీ ఆ లెక్కన ఒక్క చెక్కకే మూడు రోజులు.

వేగం పెంచాడు.

మోటార్ గుయ్యిమని మూలిగి ఆగిపోయింది. పువ్వు మీద పడాల్సిన గీత అంచు దాటి పోయింది.

డ్రైవర్ బోర్డు మీద కరెంటు పెంచాడు. మోటార్లు చెయ్యి పెట్టలేనంత కాలాయి. గీత మాత్రం సరి కాలేదు. శుక్రవారం సాయంత్రానికి నాలుగు టేకు చెక్కలు పాడయ్యాయి.

శనివారం పొద్దున ట్రాక్టర్ తొట్టి చెక్కల కోసం వచ్చిన సురంగల్ ఊరి జయరాజ్ అతని ముఖం చూశాడు.

"గంత ఫికరెందుకే? చేవెళ్లల ప్రభాకర్ ఉన్నడు కదా. మోటార్ కడుపుల ఏమున్నదో పట్టుకుంటేనే చెప్తడు. పదిహేనేండ్ల కింద చుట్టిచ్చిన మా బోరు మోటార్ ఇంక తిరుగుతనే ఉన్నది. మళ్ల ఆయన దగ్గరికి పోయే పనే పడలే."

రత్నాకర్ ఒక మోటార్ సంచిలో వేసుకుని చేవెళ్ల బస్సెక్కాడు.

ప్రభాకర్ దుకాణం షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల అంతా ఖాళీ. ఒకామె నేల మీది రాగి ముక్కలు ఊడుస్తోంది.

"ప్రభాకరన్న ఉన్నడా అమ్మా?"

"బాపు పోయి ఏడాదాయె అన్నా. నేను ఆయన బిడ్డను, కృపాజ్యోతిని."

రత్నాకర్ గడియారం చూశాడు. పదిన్నర అయింది.

"ఆయన పని తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా? నాలుగింటికి నాకు మిషన్ తిరగాలె. ఒక్క మాట చెప్పేటోళ్లున్నా చాలు."

"మా అమ్మ ఎస్తేరు ఉండె. నిన్ననే తీగ చుట్టే మిషన్ తుక్కు కింద అమ్మేసి జహీరాబాద్‌ల మా అక్క దగ్గరికి పోయింది."

"ఎందుకట్ల?"

"మంగళవారం మొయినాబాద్‌ల చిన్నమ్మ ఇంటికి పోయొచ్చింది. ఆడ ఎవరో కట్టెపని ఆయనకు మోటార్ సంగతి చెప్పబోతే ఎల్లగొట్టిండట. మీ బాపు లేకుంటే నా మాట ఎవరింటరు బిడ్డా, అన్నది."

రత్నాకర్ మోటార్ సంచిని కాళ్ల వెనక్కి జరుపుకున్నాడు.

"ఫోన్ కలపాల్నా అన్నా?"

"వద్దు."

ఆమె ఏం చెబుతుందో అతనికి తెలుసు. ఇప్పుడు మళ్లీ డబ్బు పెట్టి కొన్నా ఆ చిన్న మోటార్లు సోమవారానికి గానీ రావు.

"ఆమెకు మీ బాపే నేర్పిండా?" అన్నాడు.

కృపాజ్యోతి చీపురు గోడకు ఆనించింది.

"బాపుకు పోయేదాంక ఇరవై ఏండ్లు రెండు కండ్లు కానరాలే అన్నా, ఆడమనిషి చుట్టిందంటే రైతులు మోటార్లు తేరని ఆయన బయట కుర్చీల కూసునేటోడు, లోపల చుట్టిందంత మా అమ్మనే."