మిగిలింది ఎవరు తింటున్నారు?

జుయోన్ తన ఇంటి కార్డు చూపగానే అపార్ట్‌మెంట్ కింద ఉన్న చెత్త యంత్రం మూత తెరుచుకుంది. ఆ రోజు తిండి చెత్త అందులో వేసింది.

"ఆరువందల తొమ్మిదో ఇల్లు. నూట ఎనభై గ్రాములు" అని తూచి చెప్పింది యంత్రం.

పక్కనే నిలబడ్డ ముసలామె చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది.

జుయోన్‌కి ఒళ్ళు మండింది. వారం నుంచీ ఇదే వరస.

"మా ఇంటి చెత్తతో మీకేం పని బామ్మగారూ?"

"నీకు ఇద్దరు చిన్నపిల్లలు కదమ్మా?"

"అయితే?"

"పిల్లలున్న ఇంట్లో పూటకి గిన్నెడైనా మిగులుతుంది. నువ్వు తెచ్చేది గుప్పెడు. మరి మిగిలింది ఎవరు తింటున్నారు?"

విసవిసా వచ్చేసింది జుయోన్. తనకి ఇద్దరు పిల్లలని ఈవిడకెలా తెలుసు? ఏ దొంగలకైనా ఆచూకీ ఇస్తోందా?

అసలే మనసు బాగోలేదు. ఎదురు బ్లాకులో ఒక్కడే ఉండే నాన్నని మార్చిలో ఎవరో ఆసుపత్రిలో చేర్చారు; ఇంకా అక్కడే ఉన్నాడు. కాలేయం చెడిపోయింది. తన కాలేయంలో ముక్క ఇస్తానంది జుయోన్. "మీ కాలేయానికీ కొవ్వు పట్టింది. ఐదు కిలోలు తగ్గితే తప్ప కోయలేం" అన్నాడు డాక్టరు.

మూడు కిలోలు చకచకా తగ్గింది. ఆ తర్వాత ఇరవై మూడు రోజులుగా అంకె కదలడం లేదు. తూకం యంత్రం మీద అనుమానమొచ్చి కొత్తది కొంది. అత్తగారు కూరల్లో నూనె ఎక్కువేస్తోందని అనుమానించి నూనె సీసా దాచేసింది. అయినా లాభం లేకపోయింది.

"బరువు తగ్గాక ఒంటికి మునుపటంత తిండి అక్కర్లేదండీ, లెక్క మళ్ళీ కట్టుకోవాలి" అంది ఆసుపత్రిలో నర్సు. "అయినా రోజుకి పన్నెండొందల కేలరీలంటే ఎంతో కొంత దిగాలే. ఫోన్లో తిండి లెక్కలో రాయకుండా ఏమైనా తింటున్నారా?"

"మా నాన్న ప్రాణం మీదికొస్తే నేను దొంగతిండి తింటానా?"

ఆ కోపంతోనే తిన్నగా అపార్ట్‌మెంట్ ఆఫీసుకెళ్ళింది.

"ఆవిడెవరో ఇళ్ళ నంబర్లు రాసుకుంటోంది. రేపేదైనా జరిగితే పూచీ మీదే!"

"అది కాదు బోమ్ వాళ్ళమ్మా, ఆవిడ..." అన్నాడు మేనేజరు.

"నాకు కథలు చెప్పకండి."

మర్నాటి నుంచి ముసలామె కనిపించలేదు. పీడ వదిలింది అనుకుంది జుయోన్.

ఆదివారం పొద్దున పెద్దకూతురు బోమ్ పళ్ళెంలో సగం అన్నం, గుడ్డు అట్టు కొస వదిలేసింది. జుయోన్ ఒక చేత్తో చిన్నవాడికి మేజోడు తొడుగుతూ, రెండో చేత్తో ఆ అట్టు కొస నోట్లో వేసుకోబోయింది.

మిగిలింది ఎవరు తింటున్నారు?

చెయ్యి ఆగిపోయింది.

ఆ రోజు పిల్లలు వదిలింది వదిలినట్టే తీసుకెళ్ళి వేసింది. "ఏడువందల గ్రాములు" అంది యంత్రం. జుయోన్ సిగ్గుతో చచ్చిపోయింది. రోజూ తన పొట్టలోకి పోతున్నది ఇదన్నమాట.

నెల తిరిగేలోగా మిగతా రెండు కిలోలూ దిగాయి. ఆపరేషన్ అయింది. నాన్న కళ్ళు తెరిచాడు.

కుట్లు మానగానే, బామ్మగారు ఆఫీసు పెట్టిన మనిషే అయ్యుంటుందనుకుని, ఆవిడ కోసం బేరిపళ్ళ పెట్టె పట్టుకుని అక్కడికెళ్ళింది.

"ఆ బామ్మగారు డ్యూటీకి ఎప్పుడొస్తారండీ?"

"డ్యూటీ ఏమిటి? ఆవిడ మా మనిషే కాదు. మీ ఫిర్యాదు తర్వాత ఇక రావద్దన్నాం. మనసు కష్టపెట్టుకుని గ్వాంగ్జు ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఫోన్ నంబరు కూడా ఇవ్వలేదు."

"మరి అక్కడ నిలబడి ఏం చేసేవారు?"

"ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ కోసమమ్మా. మూడ్రోజులు ఒకరి కార్డు పడలేదంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదన్నమాట. వెళ్ళి తలుపు కొట్టేవారు."

"అలా ఎప్పుడైనా ఎవరైనా దొరికారా?"

మేనేజరు ఆమెను వింతగా చూశాడు.

"మీకు తెలీదా? మార్చిలో తలుపు పగలగొట్టించి మీ నాన్నగారిని అంబులెన్సు ఎక్కించింది ఆవిడే కదమ్మా!"