పితికిపప్పు మిషను

హరిత నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. రెండు వేళ్ళ మధ్య ఒత్తితే పప్పు గిన్నెలోకి జారుతోంది, తోలు వేళ్ళకు అంటుకుంటోంది. వెనక గదిలో మిషను ఉన్నా, ఇంటి కూరకు మాత్రం ఆమె చేత్తోనే పితుకుతుంది. ఎందుకని భర్త యువరాజ్ ఎప్పుడూ అడగలేదు.

ఈ రోజు అడిగే తీరిక అసలే లేదు. ఫోను పట్టుకుని, పుంగనూరులో ఆ వీధంతా వినపడేలా వాకిట్లోంచే అరిచాడు.

"వచ్చేసింది! మన మిషను పేటెంటు గెజిట్లోకి ఎక్కేసింది! పోయిన నెలలోనే అంట, ఏజెంటు ఇప్పుడు పంపించినాడు. సూడు, పైన నా పేరు!"

హరిత చూసింది. "బొమ్మలన్నీ వచ్చినాయా?" అంది.

"నువ్వు గీసినవన్నీ వచ్చినాయి. లోకమంతా సూడచ్చు. మీ అన్న కూడా సూడచ్చు. ఫోన్ చేసి చెప్పు, కండ్లారా సూసుకోమను!"

హరిత మళ్ళీ గింజల మీదికి వంగింది.

అన్న అంటే నాగేంద్ర. కుప్పంలో మోటార్లు బాగుచేసే అంగడి అతనిది. రెండు రబ్బరు రోలర్లు, ఒక పిడి బిగించి ఈ మిషను చేసింది అతనే. చెల్లెలి పెళ్ళి విందుకు పప్పు పితకలేక ఆడవాళ్ళ గోళ్ళు పోతాయని చేశాడు. పందిట్లో అందరూ కలిసి కొత్త అల్లుణ్ణి పిడి తిప్పమన్నారు. యువరాజ్ వెనక్కి తిప్పాడు. తోలంతా ఎగిరి బాసికం మీద, మీసాల మీద పడింది.

"బావా, పప్పు గిన్నెలో పడల్ల, నీ మొగాన కాదు!" అన్నాడు నాగేంద్ర. పందిరంతా పగలబడి నవ్వింది.

ఆ నవ్వు యువరాజ్ చెవుల్లోంచి పోలేదు. కొన్నాళ్ళకు, చూసి ఇస్తానని మిషను తెచ్చుకున్నాడు. ఇవ్వలేదు. దానికి మోటారు తగిలించి, వెనక గదిలో పెట్టి తాళం వేశాడు. మదనపల్లె అంగళ్ళకు పప్పు పోయడం మొదలుపెట్టాడు. పనికొచ్చే కుప్పమ్మను కూడా ఆ గడప తొక్కనివ్వలేదు.

నాగేంద్ర అడగడానికి వస్తే గేటు దగ్గరే నిలబెట్టాడు. "మిషనా? ఏం మిషనప్పా? నాకు పిడి తిప్పేదే రాదు గదా!"

హరిత వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ రోజు నుంచి అన్న ఆమెకు ఫోన్ చేయలేదు.

పేటెంటు మాట ఎత్తింది కూడా హరితే. "గదిలో పెట్టుకుంటే ఎన్నాళ్ళు దాగుతుంది? మీ పేరు మీద పెట్టేసుకోండి" అంది. బొమ్మలూ తనే గీసింది, ఒక్క పళ్ళచక్రం, ఒక్క మర వదలకుండా. పెళ్ళాం తన పక్షాన ఉందని యువరాజ్‌కు ఆ రోజే గట్టి నమ్మకం కుదిరింది.

ఫోన్ మోగింది. మదనపల్లె సుబ్రహ్మణ్యం. హక్కు కొనుక్కుని, ఇలాంటి మిషన్లు చేయించి ఊరూరా అమ్ముతానని మాటిచ్చిన వ్యాపారి.

"అన్నా, గెజిట్లో వచ్చేసింది! ఇంక హక్కు మనదే!"

"గెజిట్లో వేసేది వేరేనప్పా, హక్కు ఇచ్చేది వేరే. ముందు అందరికీ సూపిస్తారు. ఎవురికన్నా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. అదంతా తేలినాక గదా ఇచ్చేది! మా వకీలు సూసినాడు. నీ దానిమీద అభ్యంతరం పడుండాది."

"ఏమని?"

"నువ్వు అర్జీ పెట్టకముందే ఆ మిషను పదిమందిలో ఆడిందని. మీ పెండ్లి లైవ్ పెట్టించినారంట గదా, అది ఇంకా యూట్యూబులోనే ఉండాది. పిడి తిప్పేది నువ్వే, తోలు మొగాన పడింది నీకే." సుబ్రహ్మణ్యం నవ్వు ఆపుకోలేకపోయాడు. "ముందే లోకం సూసేసినదానికి హక్కు రాదంటప్పా."

యువరాజ్ చెవుల్లో పందిరంతా మళ్ళీ నవ్వింది.

"పోనీ అన్నా, మన గుట్టు మనకుండాది గదా..."

"యాడ గుట్టు? బొమ్మలన్నీ ఆడనే ఉండాయి. మా లేతు మిషను పనాయన ఫోన్లో సూసి చేసేస్తానంటాండాడు. ఇంక నీ దగ్గర కొనేదేముంది?"

హరిత ఆఖరి గింజ పితికింది. గిన్నె మీద మూత పెట్టింది. చేతులు కడుక్కుని, తలుపు వెనకున్న బట్టల సంచి భుజాన వేసుకుంది.

యువరాజ్ అదేదీ చూడలేదు. "వాడే అన్నా! ఆ నాగేంద్రగాడే పెట్టింటాడు! ఇప్పుడే కుప్పం పోయి వాని అంగడి పెరికేస్తా!"

హరిత చెప్పులు వేసుకుని గేటు దాటింది.

"నాగేంద్ర యాడప్పా," అన్నాడు సుబ్రహ్మణ్యం, "పెట్టిన మనిషి పేరు హరిత అని ఉండాది, అడ్రసు మీ ఇంటిదే."