ఇంకో రెండు మాటలు

“పేపర్ల గొంగడి కథ రాసింది నువ్వేనా సారూ?”

నారాయణపేటలో చీరల దుకాణం అప్పుడే తెరిచాడు దయాకర్. ఇంకా బోణీ కాలేదు. అయినా కథ గురించి అడిగేవాళ్లు వస్తే రాసినవాడికి చేదా?

“నేనే. చదివినవా?”

“నాకు సదువు రాదు. మా ఊళ్లె సదివి ఇనిపిచ్చిన్రు.”

మెట్టు మీద ఒక ముసలాయన. భుజాన నల్ల గొంగడి. ఆత్మకూర్ దిక్కు నుంచి బస్సెక్కి వచ్చాడట. పేరు ఆయన చెప్పలేదు, దయాకర్ అడగలేదు.

కథ చిన్నది, ఆదివారం పేపర్లో అర పేజీ. రోడ్డు మీద గొర్ల మందను లారీ గుద్దుతుంది. పడుచు కాపరి కొన ఊపిరితో, దూప అవుతాందని నీళ్లు అడుగుతుంటాడు. పక్కనున్నవాడు అతని గొంగడి లాక్కుని చేలల్లోకి పరుగెత్తుతాడు. కాపరి దూపతోనే ప్రాణం విడుస్తాడు.

అది దయాకర్ ఆత్మకూర్ బస్సు కిటికీలోంచి చూసిందే. గొంగడి పట్టుకుని మనిషి ఉరకడం వరకు చూశాడు. అంతలో డ్రైవర్ చచ్చిన గొర్లను తప్పించి బస్సును ముందుకు పోనిచ్చాడు. దయాకర్ దిగలేదు. కథలోకి మాత్రం బస్సును రానివ్వలేదు.

పేరు బాగానే వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక ప్రచురణకర్త ఫోన్ చేసి, దీన్ని పెంచి పెద్దకథ చేస్తే పుస్తకంలో వేస్తానన్నాడు. పెంచాలా వద్దా అని దయాకర్ కొన్నాళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నాడు.

“గా కథ జర పెంచు సారూ,” అన్నాడు ముసలాయన.

దయాకర్‌కు నవ్వొచ్చింది. “నువ్వు గూడ గదే మాటనా? ఏం పెంచాలె?”

“గొంగడి గుంజుకొని ఉరికిండని రాసినవ్ గదా. యాడికి ఉరికిండో గది గూడ రాయి. నీళ్లకు ఉరికిండు సారూ. కాల్వల ముంచి, గొంగడిల నీళ్లు తెచ్చిండు. పిలగాడు తాగినంకనే పాణం ఇడిసిండు. గంతే, ఇంకో రెండు మాటలు.”

“గొంగడిల నీళ్లా?” దయాకర్ పగలబడి నవ్వాడు. తాతల నాటి నుంచి మగ్గం ఉన్న ఇల్లు. బట్టలో నీళ్లు నిలవవని వేరే ఎవరో చెప్పాలా అతనికి? “జల్లెడల తెచ్చినట్టే ఉంటది. చదివేటోళ్లు నవ్వుతరు.”

“మా దిక్కు తెస్తరు సారూ.”

“అయితే నువ్వు చూసినవా?”

“నువ్వు చూసినవా?”

దయాకర్ తడబడ్డాడు. చూశానంటే, బస్సు ఎందుకు దిగలేదని అడుగుతాడు.

“లేదు. అంత కల్పించిందే.”

ముసలాయన మొహం విప్పారింది. “కల్పించిందే అయితే నీకేం కష్టం? ఇంకో రెండు మాటలు కల్పించు. మా ఊళ్లె ఒకామె పేపర్ల పడ్డదే నిజమంటాంది. పిలగాడు దూపతోని పోయిండని బువ్వ ముడ్తలేదు.”

“చూడు పెద్దమనిషీ, మంచి కథకు తోక ఉండదు. నీళ్లు తాగి పోయిండంటే చదివినోళ్లు ఎట్ల ఏడుస్తరు?”

“ఏడ్సుడు అయిపోయింది సారూ. తాగిండని ఇంటే జర నిమ్మలపడ్తది.”

ఇంతలో బేరం వచ్చింది. దయాకర్ అటు తిరిగి చీరలు విప్పసాగాడు.

ముసలాయన భుజం మీది గొంగడి తీసి మెట్టు మీద పెట్టాడు. “గిది ఉంచుకో సారూ. మనసు మారితే, చూస్కుంట రాయి.”

దయాకర్ మనసు మారలేదు. కథను పెంచేది లేదని ఆ సాయంత్రమే హైదరాబాద్‌కు చెప్పేశాడు. రాయిలాంటి నిర్ణయం తీసుకున్నానని మురిసిపోయాడు కూడా.

వానలు పడ్డాయి. దుకాణం రేకులు కురవసాగాయి. దయాకర్ భార్య శ్రీలత చేతికందిన గొంగడినే పట్టుచీరల కట్టల మీద పరిచింది.

పొద్దున ఆమె కేక పెట్టింది. “ఏమండీ, ఇటు రండి!”

చీరల కట్టల నడుమ గొంగడి గుంటలా దిగింది. గుంట నిండా నీళ్లు. దయాకర్ కింద చెయ్యి పెట్టి చూశాడు. చీరలు పొడిగా ఉన్నాయి.

అక్కడే కూర్చుని, ముసలాయన అడిగిన రెండు మాటలూ కథకు కలిపాడు. కాగితం, గొంగడి పట్టుకుని ఆత్మకూర్ బస్సెక్కాడు.

ఆ రోజు గొర్లు చచ్చిన చోట దిగి, పక్క ఊళ్లో చాయ్ హోటల్ బీరన్నకు గొంగడి చూపించి, ముసలాయన గురించి అడిగాడు.

“గా ముసలోడా? సైదులు. పోయిన నెలనే పాణం పాయె. ఇంట్లకెల్లి ఎల్లగొడితే, గొర్ల దొడ్డిల ఒక్కడే పడుండె.”

దయాకర్ చేతిలోని కాగితం విప్పాడు. “లారీ కింద పడ్డ పిలగాని తల్లి ఉన్నదా?”

“జానమ్మ. గదిగో, గా ఇల్లే.”

జానమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, చిక్కి శల్యమై. దయాకర్ కథ మొత్తం చదివి వినిపించాడు. చివరి మాటలు మెల్లగా చదివాడు. ‘గొంగడిలో నీళ్లు మోసుకొచ్చి నోట్లో పోశాడు. పిల్లవాడు తాగి కళ్లు మూశాడు.’

“తాగిండా?”

“తాగిండమ్మా. గిది కల్పించింది కాదు. కొడుకు దూపతోని పోలేదు.”

జానమ్మ ఏడవలేదు. గొంగడిని ఒళ్లోకి తీసుకుని అంచులు నిమిరింది.

“మా ఇంటాయన గూడ గిదే చెప్పిండు సారూ. పేపర్ల లేదని నేనే నమ్మకపోతి. కన్నకొడుకును ఇడిసి ఉరికినోనివి నా ఇంట్ల ఉండొద్దని ఎల్లగొట్టిన. ఆకర్న ఆయన నోట్ల సుక్క నీళ్లు పోసేటోళ్లు లేకపాయె.”